తల్లిదండ్రులతో మాట్లాడినదానికి లెక్క: క్లాస్ టీచర్ చేతిలో వాట్సాప్ బిజినెస్

పిల్లల ప్రవర్తన గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం ఉపాధ్యాయులకు ఎప్పుడూ ఉన్న పనే. ఆ మాటలకు లెక్క ఉంచడం మాత్రం చాలా బడుల్లో ఎవరికీ అప్పగించని పని. హాజరుకు రిజిస్టరు ఉంది, మార్కులకు రిజిస్టరు ఉంది, మధ్యాహ్న భోజనంలో ఎన్ని గుడ్లు ఖర్చయ్యాయో రాసే రిజిస్టరు కూడా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు మధ్యాహ్నం పీరియడ్లకు ఉండటం లేదని ఇంట్లో ఎవరికి చెప్పారు, ఏ రోజు చెప్పారు, విన్నవారు ఏమన్నారు అని అడిగితే మాత్రం "చెప్పాం సార్, చాలాసార్లు చెప్పాం" అన్న సమాధానమే వస్తుంది. ఈ లోటు తీర్చుకోవడానికి నేను పని చేసే ఉన్నత పాఠశాలలో వాట్సాప్ బిజినెస్ యాప్‌ను వాడుతున్నాం. చిన్న వ్యాపారుల కోసం 2018లో వచ్చిన ఈ ఉచిత యాప్ క్లాస్ టీచరుకు రిజిస్టరుగా ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష. హోంవర్కు పంపడం, సెలవు ప్రకటించడం, ఫీజు గుర్తు చేయడం వంటివి ఇందులోకి రావు. వాటికి ఏ యాప్ అయినా సరిపోతుంది.

యాప్ మంచిచెడ్డలు చూసే ముందు, మనకు కావలసిన రాత ఎలాంటిదో తేల్చుకోవాలి. ఏ తేదీన, ఏ సమయానికి మాట్లాడారు, మాట్లాడింది తల్లితోనా, తండ్రితోనా, అమ్మమ్మతోనా, లేక ఫోనెత్తిన పక్కింటివారితోనా, బడిలో కళ్ళారా చూసినది ఏమిటి, ఇంటివారు దానికి ఏమన్నారు, ఇకపై ఏం చేద్దామనుకున్నారు, మళ్ళీ ఎప్పుడు మాట్లాడాలి అన్నవి అందులో ఉండాలి. వీటిలో ఇంటివారు ఏమన్నారన్నది రాసే అలవాటు మనకు దాదాపు లేదు. మన రాతల్లో టీచరు చెప్పినది ఉంటుంది, పిల్లవాడి తప్పు ఉంటుంది, కింద ఒక సంతకం ఉంటుంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం 24వ సెక్షను, ఉపాధ్యాయుడు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, నేర్చుకునే సామర్థ్యం, ప్రగతితో పాటు పిల్లలకు సంబంధించిన ఇతర సమాచారాన్ని కూడా తెలియజేయాలని విధిగా చెబుతుంది. తెలియజేసినట్లు రాసిపెట్టుకునే పద్ధతి మాత్రం ఎవరికి వారు ఏర్పరచుకోవలసిందే.

ఇంతకాలం ఆ పని చేసినది స్కూల్ డైరీ. చివరి పేజీల్లో రిమార్క్స్ అని గీతలు గీసిన భాగం ఉండేది, టీచరు ఎర్ర ఇంకుతో రెండు ముక్కలు రాసేవారు, మరునాడు సంతకంతో తిరిగి వచ్చేది. ఫిర్యాదు ఎవరి మీదో వారి సంచిలోనే ఆ ఫిర్యాదును ఇంటికి పంపే ఏర్పాటు అది. తండ్రి సంతకం నేర్చుకోని పిల్లవాడు తరగతికి ఒక్కడు ఉంటాడేమో! పైగా ప్రభుత్వ బడుల్లో అందరి దగ్గరా అచ్చు డైరీ ఉండదు. అందుకే ఇప్పుడు చాలామంది టీచర్లు సొంత ఫోన్లో సొంత నంబరుతో మామూలు వాట్సాప్‌లోనే ఈ వ్యవహారమంతా నడిపిస్తున్నారు. రాత్రి పదింటికి వచ్చే గుడ్ నైట్ బొమ్మల మధ్య, బంధువుల పెళ్ళి ఫోటోల మధ్య ఒక పిల్లవాడి గొడవకు సంబంధించిన సంభాషణ కలిసిపోతుంది. ఆ టీచరుకు బదిలీ అయితే రికార్డు కూడా ఆయన జేబులోనే వెళ్ళిపోతుంది.

బిజినెస్ యాప్ మొదట తీర్చేది ఈ చిక్కునే. మామూలు వాట్సాప్ ఉన్న ఫోన్లోనే దీన్ని వేరే నంబరుతో పెట్టుకోవచ్చు. రెండూ విడివిడిగా ఉంటాయి. బడికి ల్యాండ్‌లైన్ ఉంటే ఆ నంబరుతోనే, కాల్ ద్వారా వచ్చే కోడ్‌తో నమోదు చేసుకోవచ్చు. లేకపోతే బడి పేరున ఒక సిమ్ తీసుకోవాలి. రెండో పద్ధతిలో రీఛార్జ్ ఎవరు చేయించాలన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు దొరకని బడులు ఉన్నాయని తెలుసు గనుక, వీలున్నచోట ల్యాండ్‌లైన్‌తో నమోదు చేసుకోమనే నా సలహా. ప్రొఫైల్లో బడి పేరు, చిరునామా, పని వేళలు కనిపిస్తాయి. తెలియని నంబరు నుంచి ఏదో వచ్చిందని భయపడే తల్లికి ఆ పేరు కొంత ధైర్యమిస్తుంది. ‘అవే మెసేజ్’ (away message) అనే సదుపాయంతో బడి వేళలు దాటాక వచ్చిన సందేశానికి "మీ సందేశం చేరింది, రేపు ఉదయం బడి వేళల్లో సమాధానం ఇస్తాం" అన్న జవాబు దానంతట అదే వెళ్ళేలా చేయవచ్చు. టీచరు రాత్రిపూట ఫోను పక్కన పెట్టడానికి ఇదొక మర్యాదైన మార్గం. కోపం మీద రాత్రి రాసుకునే మాటలు రికార్డులోకి చేరకుండా కూడా ఇది కొంత కాపాడుతుంది.

రికార్డు కోణంలో ఈ యాప్‌కున్న అసలు బలం లేబుళ్ళు. వ్యాపారి కొత్త ఆర్డరు, డబ్బు రావాలి అని పెట్టుకునే రంగు చీటీలను మనం మన పనికి తిప్పుకోవచ్చు. 20 వరకు లేబుళ్ళు పెట్టుకునే వీలుంది, మొత్తం సంభాషణకైనా, అందులోని ఒక్క సందేశానికైనా తగిలించవచ్చు. మొదట్లో ఎవరికైనా తోచే పేర్లు అల్లరి, గొడవ, బద్ధకం వంటివే. ఆ దారి పట్టవద్దని గట్టిగా చెబుతాను. ఒకసారి అల్లరి అని చీటీ తగిలించాక ఆ పేరు కనిపించిన ప్రతిసారీ టీచరు మనసులో అదే మాట మెదులుతుంది, ఆ ఫోను రేపు ఇంకో టీచరు చేతికి వెళ్ళినా అదే మెదులుతుంది. లేబుల్ పిల్లవాడి స్వభావానికి కాకుండా మన పనికి పెట్టాలి: జవాబు రావాలి, మళ్ళీ మాట్లాడాలి, హెచ్ఎం గారికి చెప్పాలి, సర్దుకుంది. శుక్రవారం సాయంత్రం "మళ్ళీ మాట్లాడాలి" అన్న లేబుల్ తెరిస్తే ఆ వారం ఎవరికి ఫోన్ చేయాలో వరుసగా కనిపిస్తుంది. "సర్దుకుంది" అన్న లేబుల్ కింద పేర్లు పెరుగుతుంటే కలిగే సంతోషం ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ కనిపించేది కాదు.

క్విక్ రిప్లై అనే మరో సదుపాయం ఉంది. తరచూ రాసే మాటలను ముందే రాసి పెట్టుకుని, చిన్న గుర్తు టైపు చేస్తే మొత్తం వచ్చేలా చేసుకోవచ్చు. మీటింగు తేదీకి, బడి ఫోన్ వేళలకు ఇది బాగుంటుంది. ప్రవర్తన గురించి రాసేటప్పుడు దీన్ని వాడకపోవడమే మేలు. ముగ్గురు పిల్లల తల్లులకు ఒకే వాక్యం వెళ్ళిందనుకోండి, సాయంత్రం కుళాయి దగ్గర ఆ ముగ్గురూ కలుసుకుంటే టీచరు మాటకు విలువ ఉండదు. అచ్చు వాక్యాల్లో చూసినదాని కంటే తీర్పే ఎక్కువగా ఉంటుంది కూడా. "మీ అమ్మాయి క్రమశిక్షణ పాటించడం లేదు" అన్నది ఎవరికైనా పంపగలిగే వాక్యం. "ఈ రోజు మూడో పీరియడులో పక్క అమ్మాయి పుస్తకం లాక్కుని గీతలు గీసింది, అడిగితే ముందు తన పుస్తకం ఆ అమ్మాయే చింపిందని చెప్పింది" అన్నది ఆ ఒక్క తల్లికే పంపగలిగే వాక్యం. రికార్డుగా నిలిచేది రెండోదే.

ఈ యాప్‌ను నేను ఎక్కువగా మెచ్చుకునేది యాప్ తయారుచేసినవారు ఊహించని ఒక వాడకం వల్ల. ముఖ్యమైన సంగతిని ముందు ఫోన్లో మాట్లాడి, వెంటనే ఆ మాటల సారాంశాన్ని అదే నంబరుకు రాతలో పంపడమే ఆ వాడకం. అది సుమారుగా ఇలా ఉంటుంది: "నమస్కారమండి. ఈ రోజు ఉదయం 10.20కి మీతో ఫోన్లో మాట్లాడాను. సోమవారం, బుధవారం భోజనం బెల్లు తర్వాత మీ అబ్బాయి తరగతికి రాలేదని చెప్పాను. బుధవారం పత్తి తీయడానికి మీరే పిలిపించుకున్నామని, సోమవారం సంగతి మీకు తెలియదని అన్నారు. ఇకపై ఇంటి అవసరం ఏదైనా ఉంటే ముందుగా నాకు ఫోన్ చేస్తామని, సోమవారం ఎక్కడికి వెళ్ళాడో నిదానంగా అడిగి తెలుసుకుంటామని చెప్పారు. వచ్చే శుక్రవారం నేను మళ్ళీ ఫోన్ చేస్తాను. నేను రాసినదాంట్లో ఏదైనా తేడా ఉంటే చెప్పండి." ఇందులో తేదీ, సమయం, చూసినది, విన్నది, అనుకున్నది, తర్వాతి అడుగు అన్నీ ఉన్నాయి. తండ్రి చెప్పిన మాట టీచరు రాతలో ఉన్నది ఉన్నట్లు కనిపించడం వల్ల, ఇది తన మీద తయారుచేస్తున్న కేసు అన్న అనుమానం ఆయనకు రాదు. చివరి వాక్యం లేకపోతే ఇది టీచరు ఒక్కరి రాతగానే మిగిలిపోతుంది. దానికి "సరే సార్" అన్న రెండు మాటల జవాబు వచ్చినా, డైరీలోని సంతకం కంటే అది ఎక్కువ విలువైనది.

ఇక లోపాలు. మొదటిది బ్లూ టిక్. సందేశం మీద వేలు ఆనించి వివరాలు చూస్తే ఎప్పుడు చేరింది, ఎప్పుడు చదివారు అన్న సమయాలు కనిపిస్తాయి. "మీకు చదివినట్లు కూడా వచ్చింది కదండీ" అని తల్లిదండ్రుల ముందు వాదించే టీచర్లు ఉన్నారు. బ్లూ టిక్ చెప్పేది ఆ ఫోన్లో సందేశం తెరుచుకుందని మాత్రమే, తెరిచింది ఎవరో చెప్పదు. మన ఊళ్ళలో సాయంత్రం ఆరు దాటితే ఇంట్లోని స్మార్ట్‌ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు. తన మీద వచ్చిన ఫిర్యాదును తనే ముందు చదివి, ఆ ఫోనులో కనబడకుండా తీసేసి, ఏమీ ఎరగనట్లు ఆడుకోవడానికి వెళ్ళే తెలివి ఏడో తరగతికే వచ్చేస్తుంది. ఎదుటివారు చదివినట్లు తెలిపే రీడ్ రిసీట్స్ సెట్టింగును ఆపేసుకుంటే ఆ నీలం గీతలు కూడా రావు. తండ్రి పనికోసం హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉండి ఫోను ఆయన దగ్గరే ఉంటే, బడి పక్క వీధిలో ఉన్న తల్లికి సందేశం అందాలంటే అది సముద్రం దాటి వెళ్ళి రావాలి. అడ్మిషన్ సమయంలో ఇచ్చిన నంబరు పక్కింటివారిది కావడం, రీఛార్జ్ ఆగిపోయి నంబరే మారిపోవడం మామూలే. అందుకని ప్రతి జూన్‌లో నంబరు ఎవరిది, ఫోను పగలు ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలు అడిగి కాంటాక్ట్ పేరులోనే రాసుకోవడం అవసరం. ఉదయం పనికి బయలుదేరే ముందు, అంటే పిల్లలు నిద్ర లేచే లోపు చేసే ఫోన్ కాల్‌కు ఏ బ్లూ టిక్కూ సాటి రాదు.

రెండోది వాయిస్ మెసేజ్‌ల సంగతి. చదవడం రాని తల్లులకు ఇది వరమనే చెప్పాలి. వారు మాట్లాడి పంపుతారు, మనం మాట్లాడి పంపుతాం, మధ్యలో చదివి పెట్టమని పిల్లవాణ్ణి బతిమాలే అవసరం ఉండదు. రీడ్ రిసీట్స్ ఆపేసినా వాయిస్ మెసేజ్ విన్నట్లు వచ్చే గుర్తు మాత్రం ఆగదు గనుక, ఆ మేరకు కూడా ఇది నయం. కానీ రికార్డుగా చూస్తే ఇది మూగ పెట్టె. ఆర్నెల్ల తర్వాత "గొడవ" అని వెతికితే అందులోని మాట ఒక్కటీ దొరకదు. ప్రతి ముక్కనూ మొదటి నుంచి చివరి వరకు వినాలి. కాబట్టి తల్లి పంపిన వాయిస్ మెసేజ్ విన్న వెంటనే, "మీరు చెప్పింది విన్నాను. అమ్మాయి రాత్రి సరిగా నిద్రపోవడం లేదని, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్పారు" అని ఒక వాక్యం కింద రాసి పంపడం మా బడిలో పాటిస్తున్న పద్ధతి. అలా చేస్తే వెతికినప్పుడు దొరుకుతుంది, తల్లికి కూడా తన మాట విన్నారని తెలుస్తుంది.

మూడోది, అన్నిటికంటే బరువైనది: ఈ యాప్‌లో రాత స్థిరంగా ఉండదు. పంపిన సందేశాన్ని 15 నిమిషాల లోపు మార్చవచ్చు. మార్చినట్లు ఒక చిన్న మాట పక్కన కనిపిస్తుంది గాని ముందు ఏముందో కనిపించదు. రెండు రోజుల పన్నెండు గంటల వరకు అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు. తీసేసినట్లు గుర్తు మిగులుతుంది, సంగతి మిగలదు. సందేశాలు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటును ఇద్దరిలో ఎవరైనా ఆన్ చేయవచ్చు. తల్లిదండ్రులు కావాలని చేయకపోయినా, కొత్త ఫోన్ కొనిచ్చిన బావమరిదో, మేనల్లుడో అన్ని చాట్లకూ అదే పెట్టి ఇచ్చి ఉంటాడు. ఆన్ అయినట్లు చాట్‌లో ఒక వరుస కనిపిస్తుంది. దాన్ని గమనించడం టీచరు బాధ్యతగా పెట్టుకోవాలి. మొత్తం సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి టెక్స్ట్ ఫైలుగా దాచుకునే వీలుంది, నెలకోసారి అలా చేసి బడి మెయిలుకు పంపుకోమని చెబుతాను. అయితే 2025లో వచ్చిన అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అనే సెట్టింగును ఎదుటివారు ఆన్ చేస్తే ఎక్స్‌పోర్ట్ కూడా ఆగిపోతుంది. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలులో తేదీ, సమయం, పేరు, సందేశం ఉంటాయి గాని చదివిన సమయం ఉండదు, లేబుళ్ళు ఉండవు. పైగా అది మామూలు టెక్స్ట్ ఫైలు గనుక ఎవరైనా తెరిచి మార్చగలరు.

ఈ చివరి సంగతి విని "అయితే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటాం" అనే మిత్రులు ఉన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే దానితో పాటు ధ్రువపత్రం కావాలి. పాత సాక్ష్య చట్టంలోనూ 65బి సెక్షను కింద ఇలాంటి ఏర్పాటే ఉండేది. స్క్రీన్‌షాట్ ఉన్నంత మాత్రాన అన్నీ గట్టిగా ఉన్నట్లు కాదని చెప్పడానికే ఈ మాట. నిజానికి బడి గొడవల్లో నూటికి తొంభై పైగా హెచ్ఎం గదిలో, మూడు కుర్చీల మధ్య తేలిపోయేవే. అక్కడ కావలసింది న్యాయశాస్త్రం కాదు, "మీతో ఫలానా రోజు ఈ మాట అనుకున్నాం, మీరు ఇలా అన్నారు" అని ప్రశాంతంగా చదివి వినిపించగలిగే నాలుగు వాక్యాలు. అందుకే మా బడిలో ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా ఉంది. పేజీకి ఒక విద్యార్థి, వాట్సాప్‌లో పంపిన సారాంశానికి తేదీతో ఒక వరుస, తల్లిదండ్రులు బడికి వచ్చినప్పుడు వారి సంతకమో వేలిముద్రో. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న, తర్వాత 2025 జూలై 10న ప్రభుత్వం జరిపిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల వంటి రోజుల్లో మామూలుగా రాని తండ్రులు కూడా బడికి వస్తారు. ఆ హడావుడిలో ప్రవర్తన గురించి మాట్లాడటానికి ఏకాంతం దొరకదు గాని, నంబర్లు సరిచూసుకోవడానికి, పాత వరుసల కింద సంతకం తీసుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు.

యాప్‌తో సంబంధం లేనట్లు కనిపించినా, ఏ యాప్ వాడినా తప్పించుకోలేని విషయం ఒకటుంది. సందేశం ఇంటికి చేరిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందన్నది రాసేవారి మీద కొంత ఆధారపడి ఉంటుంది. "వీపు చర్మం ఒలిచేయండి సార్, కళ్ళు మాత్రం వదిలేయండి, మేమేం అనుకోం" అనే తండ్రులు ఇంకా ఉన్నారు, ఆ మాటనే ఇప్పుడు వాయిస్ మెసేజ్‌గా పంపుతున్నారు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. తండ్రి ఒప్పుకున్నంత మాత్రాన ఆ నిషేధం సడలదు. కాబట్టి ఆ సందేశానికి మౌనంగా ఉండిపోకూడదు, నవ్వు బొమ్మ అసలే పెట్టకూడదు. "మేం కొట్టం అండి, మీరు కూడా కొట్టవద్దు, నిదానంగా మాట్లాడండి, రేపు నేను ఫోన్ చేస్తాను" అని రాతలో జవాబు ఇవ్వాలి, అది రికార్డులో ఉండాలి. ఫిర్యాదు పంపే సమయం కూడా ఆలోచించవలసినదే. కూలి పని నుంచి అలసి వచ్చిన మనిషికి రాత్రి ఎనిమిదింటికి నాలుగు వరుసల ఫిర్యాదు పంపితే దాని ఫలితం పిల్లవాడి వీపు మీద కనిపిస్తుంది. పిల్లవాడు బాగున్న రోజున కూడా ఒక సందేశం పంపడం వల్ల ఒక లాభముంది: బడి పేరు ఫోన్లో మెరిసిన ప్రతిసారీ ఇంట్లో గుండె దడ పుట్టదు. సంభాషణను పైకి జరిపి చూస్తే ఫిర్యాదులే కాకుండా మంచి మాటలు కూడా కనిపించే రికార్డు, హెచ్ఎం గదిలో ఎవరు చదివినా న్యాయంగా అనిపిస్తుంది.

క్లాస్ గ్రూపు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పేరు రాయకుండా "కొందరు విద్యార్థులు" అని గ్రూపులో పెట్టినా ఆ కొందరెవరో పది నిమిషాల్లో ఊరంతటికీ తెలుస్తుంది. గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టి, ప్రకటనలకే ఉంచుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. పిల్లల సమాచారం విషయంలో బడులు కూడా ఇకపై ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండవలసిందే. అలాగే లైంగిక వేధింపు అనుమానం వచ్చిన సంగతులు ఈ యాప్‌లో గాని, ఆ నోట్‌బుక్‌లో గాని రాసి ఊరుకునేవి కావు. 2012 నాటి పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తల్లికి సందేశం పెట్టామన్నది దానికి బదులు కాదు.

పోల్చి చూడటానికి ఇదే పని కోసం తయారైన యాప్ ఒకటి చెప్పుకోవాలి. 2011లో అమెరికాలో మొదలైన క్లాస్‌డోజో అక్కడి ప్రాథమిక తరగతుల్లో బాగా ప్రాచుర్యం పొందింది. పిల్లలు అక్కడి బడుల్లో చదువుతున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి అందులో ఒక్కో పిల్లకు గుర్తుగా కనిపించే బొమ్మ రాక్షసులు పరిచయమే. టీచరు ఫోన్ నంబరు బయటపడకుండా తల్లిదండ్రులతో సందేశాలు నడపవచ్చు, ఆ సందేశాల చరిత్రను దించుకోవచ్చు. రికార్డు విషయంలో అది మన బిజినెస్ యాప్ కంటే గట్టిది. దాని ప్రత్యేకతగా చెప్పుకునే పాయింట్ల పద్ధతే నాకు నచ్చనిది. సాయం చేసినందుకు ఒక పాయింటు కలపడం, మాట వినలేదని ఒకటి తీసేయడం వల్ల తల్లికి ఒక అంకె చేరుతుంది గాని జరిగిందేమిటో చేరదు. మైనస్ ఒకటి అన్నదానికి తండ్రి ఏం జవాబు రాయగలడు? మన ఊళ్ళ విషయానికి వస్తే అంతకంటే పెద్ద అడ్డంకి ఉంది: ఇంకో యాప్ వేసుకుని, ఖాతా తెరిచి, కోడ్ కొట్టి చేరే ఓపిక, ఫోన్లో అంత ఖాళీ ఎంతమంది దగ్గర ఉంటాయి? వాట్సాప్ అందరి ఫోన్లలోనూ ముందే ఉంది. బిజినెస్ యాప్ వేసుకోవలసింది బడి ఒక్కటే, తల్లిదండ్రుల వైపు ఏమీ మారదు. ఈ ఒక్క కారణంతోనే ఇన్ని లోపాలున్నా దీన్నే ఎంచుకోమంటాను.

ఎవరికి సిఫారసు చేస్తాను అంటే, ఒక తరగతి బాధ్యత చూసే టీచరుకు, లేదా రెండు మూడు సెక్షన్లున్న బడికి నిస్సంకోచంగా చేస్తాను. వందల మంది పిల్లలున్న పెద్ద ప్రైవేటు బడికి మాత్రం ఇది చాలదు. ఒకే నంబరు మీద ఫోనుతో పాటు నాలుగు పరికరాల వరకే కలుపుకోగలం, ఎవరు ఏ సందేశం రాశారో తల్లిదండ్రులకు తెలియదు. అందుకే ప్రతి సందేశం చివర రాసిన టీచరు పేరు ఉండాలన్న నియమం మొదటి రోజే పెట్టుకోవాలి. లాంగ్ నోట్‌బుక్ లేకుండా యాప్ ఒక్కదాన్నే నమ్ముకునే వారికి కూడా సిఫారసు చేయను.

వాడదలచుకున్నవారు విద్యా సంవత్సరం చివర చేయవలసిన పనిని కూడా ముందే అనుకోవాలి. ఏప్రిల్‌లో చివరి పనిదినం లోపు "మళ్ళీ మాట్లాడాలి" లేబుల్ కింద మిగిలిన వారందరికీ ఒకసారి ఫోన్ చేయాలి. సంభాషణలను ఎక్స్‌పోర్ట్ చేసి హెచ్ఎం గారి దగ్గర ఉంచాలి. పై తరగతి టీచరుకు మొత్తం చాట్ కాకుండా నోట్‌బుక్‌లోని ఇంకా తేలని సంగతులే అప్పగించాలి. బడి విడిచి వెళ్ళిన పిల్లల చాట్లు ఫోనులోంచి తీసేయాలి. సిమ్, ఫోను, పిన్ నంబరు ఆఫీసు బీరువాలోకి వెళ్ళాలి. సెలవుల్లో ఆ సిమ్ రీఛార్జ్ గడువు దాటిపోకుండా చూసే మనిషి పేరు ఆ నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టాలి.